మెడ కొలత

మెడల టేపు ఏసుకునుడు మొదలువెట్టి ఇరువై రెండేండ్లు.
కల్వకుర్తిల సగం ఊరి భుజాలు, నడుములు, చంకలు
నా మెడ మీదికెళ్లే పోయినయి.
నా మెడ కొలత మాత్రం
మొన్న పాలమూరుల ఫిజియో పిల్ల తీసింది:
ఎడమకు గింత, కుడికి గింత,
పైకి "ఏం లేదక్కా" అన్నది.

నొప్పి ఎట్లుంటది అని అడుగుతరు.
బాబిన్ల దారం చిక్కువడ్డట్టు.
మీద కుట్టు సాఫ్‌గనే కనవడ్తది,
బట్ట తిప్పితే ఎరుకైతది.
తెల్లారగట్ల భుజం కాన్నుంచి బొటనేలు దాక
ఎవరో కచ్చా కుట్టు ఏసుకుంట పోతరు.
చూపుడేలు మొద్దువారి
సూది దిగినా తెలుస్తలేదు ఒక్కోనాడు.
నెత్తురు జూసి ముందుగాల
గిరాకి బట్టకు అంటిందా అని చూస్త.

పెద్ద డాక్టరు ఫోటోను వెలుగుకు పెట్టి
ఐదో ఎముకకు ఆరో ఎముకకు నడుమ
లైనింగు అరిగిందన్నడు.
ఆయన అన్న పేరు వేరే, నాకు అట్ల సమజైంది.
గొంతు ముంగట కోసి, అరిగింది తీసి,
మొల బిగించి కుడతరట.
"కుట్లు బైటికి కనవడయా?" అన్న.
ఆయన నవ్విండు.
నేను పనితనం గురించి అడిగిన.

లక్షా ఎనబై వేలు.
లైనింగు జాకెటుకు నూట యాభై,
అంటే పన్నెండు వందల జాకెట్లు.
అన్ని కుడితేగాని మెడ బాగుగాదు,
అన్ని కుడితే మెడ ఉండదు.

మా ఆయన "మెడ మీద కత్తెందుకు" అంటడు.
ఆడిబిడ్డ బాలకిష్టమ్మ
వంగూరు దిక్కు ఒకాయన పేరు చెప్పింది.
నూనె రాసి కటుక్కున తిప్పుతడట,
వాళ్ల చిన్నత్త ఆ దినమే లేచి నడిచిందట.
"చిన్నత్తకు నొప్పి మోకాలుది గదనే?"
"నమ్మకం ఉండాలె వదినా."

గోలీలున్నయి. నొప్పి దిగి కడుపు కాల్తది.
కడుపుకు ఇంకో గోలీ.

మెడపట్టీ ఇచ్చిండ్రు, దాన్ని కూడా కాలరే అంటరు.
ఎన్ని వేల కాలర్లు తిప్పినయి ఈ చేతులు!
బడి అంగీలయి, పెండ్లి షర్టులయి,
కొస ముక్కు పోకుంట, ముడత రాకుంట.
ఇదెవరు కుట్టిండ్రో గని గదవ కింద ఒరుస్తది,
చెమట తాగి బరువైతది.
కుట్టు విప్పి చూసిన, లోపల స్పంజి ఒకటే పొర.
నేనైతే రెండేద్దును.

చిన్నప్పుడు నాయినమ్మ
తలొంచుకొని పో, తలొంచుకొని రా అనేది.
పుస్తె కట్టేటప్పుడు అయ్యవారు
ఇంకొంచెం వంచమ్మా అన్నడు.
మిషిను నేర్పిన హమీదాబీ
కన్ను గుడ్డ మీదికెళ్లి లేవొద్దన్నది.
నలబై నాలుగేండ్లకు ఉదయశ్రీ అనే ఆ పిల్ల
గదవ కింద ఏలు పెట్టి
"తల వంచకు అక్కా" అన్నది.
ఫీజు మూడొందలు.

గంటకోసారి లేచి బైటికొచ్చి మీదికి చూడాలె.
చూసిన.
మా బోర్డు మీద లేడీస్‌కు దీర్ఘం లేదు.
ఏడేండ్లు దాని కిందనే కూసున్న.
కరెంటు తీగకు చిక్కిన చీర పేలిక,
దాని ఫాలు నేను కుట్టిందే, కుట్టు గుర్తువట్టిన.

మేస్త్రీ సాయన్నను అడిగి ఐదిటికెలు తెచ్చిన.
నాలుగు మిషిను కాళ్ల కింద,
ఒకటి నా కాలు కింద.
తక్కువైందా అంటే
నిన్న జర అయింది, ఇయ్యాల లేదు.

ఆపరేషన్ కాయితం అద్దం ఎనక చెక్కిన.
వచ్చే నెల బడులు తెరుస్తరు,
రెండొందల అంగీలు కుప్పేసున్నయి.
ఇప్పుడే ఒకటి అయిపోయింది.
పంటితోని దారం తెంపబోయి
తల వంగుతదని ఆగి
కత్తెర ఏడుందో ఎతుకుతున్న.